సిడ్నీ టౌన్ హాల్ ఆర్గాన్: ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల బతికిన వాద్యం

పౌరసత్వ ప్రమాణం చేయడానికి సిడ్నీ టౌన్ హాల్‌కు వెళ్లినప్పుడు వేదిక వెనుక గోడ నిండా నిలబెట్టిన గొట్టాలు చూశానని రాశారు. అవి అలంకారమా, నిజంగా మోగుతాయా, చర్చిలో ఉండవలసిన వాద్యం నగరపాలక భవనంలో ఎందుకుంది, దాని చరిత్ర ఏమిటి అని అడిగారు. ఇక్కడ ఇప్పటికే ఒకరు "ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్గాన్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది 1890 నాటి మాట, ఇప్పుడు చెల్లదు. ఆర్గాన్లకు శ్రుతి చేసే పనిలో, మరమ్మతుల పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త విస్తారంగానే చెబుతాను.

ముందు మోగుతాయా అన్న ప్రశ్న. మోగుతాయి. మీకు ముందు వరుసలో కనిపించినవి మొత్తంలో చాలా చిన్న భాగం. ఆ చెక్క చట్రం వెనుక, నిచ్చెనలు ఎక్కి పలకల మీద నడుస్తూ తిరిగే ఇరుకు దారుల మధ్య, సుమారు 9,000 గొట్టాలు ఉన్నాయి. కొన్ని చిటికెన వేలంత కూడా ఉండవు. కొన్ని మనిషి దూరగలిగేంత లావు. తగరం, సీసం కలిపిన లోహంతో చేసినవి కొన్ని, చెక్కవి కొన్ని. వాయించే మనిషి ముందు ఒకదానిపై ఒకటిగా ఐదు కీబోర్డులు, కాళ్లతో నొక్కే పెద్ద మెట్ల (కీల) వరుస మరొకటి ఉంటాయి. ఇరువైపులా లాగే పిడులు 125కు పైగా ఉంటాయి. వాటిని స్టాపులంటారు. ఏ పిడి లాగితే ఆ రకం గొట్టాల వరుస పలకడానికి సిద్ధమవుతుంది.

మన హార్మోనియం లాంటిదేనా అని కూడా అడిగారు. చుట్టరికం ఉంది, కానీ దగ్గరి చుట్టరికం కాదు. రెండింటిలోనూ తిత్తి గాలిని నింపుతుంది, మెట్టు నొక్కితే ఆ గాలికి దారి దొరుకుతుంది. పద్య నాటకాల్లో కాలితో తొక్కే హార్మోనియం చూసినవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. హార్మోనియంలో ఇత్తడి రీడు తన చట్రంలోని సందులో అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగుతుంది, స్వరాన్ని రీడే నిర్ణయిస్తుంది. ఆర్గాన్లో ఎక్కువ గొట్టాలకు రీడే ఉండదు. గాలి గొట్టం పెదవి అంచుకు తగిలి పిల్లనగ్రోవిలో మాదిరిగా పలుకుతుంది, గొట్టం పొడవును బట్టి స్వరం ఏర్పడుతుంది. బాకా లాంటి ధ్వని ఇచ్చే గొట్టాలకు మాత్రం అడుగున రీడు ఉంటుంది. అది ఊగేటప్పుడు ఒక ఇత్తడి దోనె అంచును కొడుతూ ఉంటుంది. ఆ దెబ్బ వల్లే ఆ కరుకుదనం, ఆ మెరుపు వస్తాయి.

ఇక చర్చి సంగతి. ఆర్గాన్ పుట్టింది చర్చిలో కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో క్టెసిబియస్ అనే యంత్ర నిపుణుడు నీటి బరువుతో గాలి ఒత్తిడిని నిలకడగా ఉంచే వాద్యాన్ని తయారుచేశాడు. రోమన్లు దాన్ని మల్లయుద్ధాల, కత్తియుద్ధాల బరుల్లో వాయించుకున్నారు. ఐరోపా చర్చిల్లోకి అది చేరింది శతాబ్దాల తర్వాతే. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో మళ్లీ బయటికి వచ్చింది. మిల్లులతో, ఫ్యాక్టరీలతో డబ్బు చేసిన నగరాలు పోటీపడి టౌన్ హాళ్లు కట్టుకున్నాయి. నిత్యం ఆర్కెస్ట్రాను పోషించే స్తోమత చాలా నగరాలకు లేదు. ఒక్క మనిషితో ఆర్కెస్ట్రా అంత సందడి చేయించే సాధనం ఆర్గాన్ ఒక్కటే. గ్రామఫోను లేదు, రేడియో లేదు. బేతోవెన్ సింఫనీ అయినా, రోసిని ఒపేరా ప్రారంభ సంగీతం అయినా సామాన్యుడు మొదటిసారి విన్నది చాలాచోట్ల టౌన్ హాల్ ఆర్గాన్ మీదే, అదీ అతి తక్కువ టిక్కెట్టుకు. బర్మింగ్‌హామ్ టౌన్ హాల్‌లో 1834లో విలియం హిల్ కట్టిన ఆర్గాన్, లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాల్‌లో 1855లో హెన్రీ విల్లిస్ కట్టిన 100 స్టాపుల ఆర్గాన్ ఈ వరుసలో పెద్ద మైలురాళ్లు. సిడ్నీ కథలోకి ఈ ఇద్దరిలో ఒకరి కంపెనీ, మరొకరి ఆర్గాన్ వాయించిన విద్వాంసుడు వస్తారు.

ఆస్ట్రేలియాలో ఈ పోటీ మరీ పచ్చిగా నడిచింది. బంగారం తవ్వి సంపన్నమైన మెల్‌బోర్న్ 1872లోనే తన టౌన్ హాల్‌కు లండన్ నుంచి హిల్ కంపెనీ ఆర్గాన్ తెప్పించుకుంది. 1877లో అడిలైడ్ టౌన్ హాల్‌లోనూ అదే కంపెనీ ఆర్గాన్ మోగింది. వయసులో ఈ రెంటికంటే పెద్ద నగరమైన సిడ్నీకి అప్పటికి సరైన సభామందిరమే లేదు. పాత శ్మశానం ఉన్న చోట 1868లో మొదలుపెట్టిన టౌన్ హాల్ నిర్మాణం సాగుతూనే ఉంది. 1970ల నుంచి ఈ శతాబ్దం దాకా అక్కడ ఎప్పుడు తవ్వినా ఆ కాలపు సమాధులు బయటపడుతూనే ఉన్నాయి. ఆంగ్లేయులు వచ్చి స్థిరపడి 1888కి నూరేళ్లు నిండాయని పెద్ద సభామందిరానికి సెంటెన్నియల్ హాల్ అని పేరు పెట్టారు. ఆ పేరుకు తగిన వాద్యం కావాలనుకున్నారు. మెల్‌బోర్న్ కంటే పెద్దదైతే చాలదు, ఎక్కడా లేనంత పెద్దది కావాలన్నది కోరిక. 1886లో లండన్‌లోని విలియం హిల్ అండ్ సన్ కంపెనీకి పని అప్పగించారు.

విలియం హిల్ అప్పటికి లేడు, 1870లోనే పోయాడు. కంపెనీని నడుపుతున్నది కొడుకు థామస్ హిల్. ముందు భాగంలో మీరు చూసిన చెక్కపనికి రూపం ఇచ్చింది మనవడు ఆర్థర్ హిల్. మధ్యయుగపు ఆర్గాన్ల చెక్కపని మీద గ్రంథమే రాసిన మనిషి అతను. అందుకే ఆ ముఖభాగం ఫ్యాక్టరీ సరుకులా కనబడదు.

ఈ నిర్ణయం జరిగిన సమయం గురించి ఒక మాట చెప్పాలి, చరిత్ర రాసేవాళ్లు దీన్ని తరచూ దాటవేస్తారు. 1880లు ఆస్ట్రేలియాలో భూముల ధరలు, బ్యాంకు అప్పులు ఉబ్బిపోయిన రోజులు. 1890లు రాగానే మాంద్యం మొదలైంది, 1893లో బ్యాంకులు వరుసగా మూతపడ్డాయి. కౌన్సిల్ సభ్యులు ఇంకో ఐదేళ్లు తర్జనభర్జన పడి ఉంటే ఈ ఆర్గాన్ కాగితం మీదే ఉండిపోయేదని నా నమ్మకం. దూరదృష్టితో చేశారని నేను అనను. డబ్బు ఉంది, పక్క ఊరి మీద పంతం ఉంది, చేసేశారు.

ఇక అందరూ అడిగే 64 అడుగుల స్టాపు. ఆర్గాన్ పనివాళ్లు స్టాపులను అడుగుల లెక్కలో చెబుతారు. 8 అడుగుల స్టాపు అంటే దాని అట్టడుగు షడ్జమం పలికే గొట్టం సుమారు 8 అడుగుల పొడవు ఉంటుందని అర్థం. దాని కంపనం సెకనుకు 65 చొప్పున. పొడవు రెట్టింపైన కొద్దీ స్వరం ఒక్కో స్థాయి దిగుతుంది. 16 అడుగులకు 33 కంపనాలు, 32 అడుగులకు 16. ఇక్కడికే మన మంద్ర, అనుమంద్ర స్థాయులు అయిపోయాయి. మనిషి చెవికి స్వరంగా అందే హద్దు కూడా, సుమారు 20 కంపనాలు, దాటిపోయింది. సిడ్నీలో ఇంకో స్థాయి కిందికి దిగారు. కాంట్రా ట్రాంబోన్ అనే స్టాపు, 64 అడుగులు, అట్టడుగున సెకనుకు 8 కంపనాలు. చెక్కతో చేసిన ఆ గొట్టాలకు అడుగున రీడు ఉంటుంది.

8 కంపనాలను స్వరంగా ఎవరూ వినలేరు. మరి ఏం వినిపిస్తుంది? ఒక్కదాన్నే విడిగా మోగిస్తే రీడు కొట్టే ఒక్కో దెబ్బ విడివిడిగా తెలుస్తుంది. సంగీతమని ఎవరూ అనరు, పక్క గదిలో ఏదో యంత్రం తిరుగుతున్నట్టుంటుంది. కానీ పైన మిగతా వరుసలన్నీ పలుకుతూ ఉండగా దీన్ని కలిపితే సంగతి మారిపోతుంది. మూలస్వరంతో పాటు పుట్టే దాని పై ఉపస్వరాలు వినికిడి హద్దులోకి వచ్చి మిగతా మంద్ర స్వరాలతో కలుస్తాయి. మూలకంపనం మాత్రం చెవికంటే ముందు కుర్చీకి, నేలకు, గుండెలకు తెలుస్తుంది. ఆపినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది, కాళ్ల కింద ఉన్నదేదో తీసేసినట్టు ఉంటుంది.

పూర్తి పొడవున్న 64 అడుగుల స్టాపులు ప్రపంచంలో రెండే ఉన్నాయి. రెండోది అమెరికాలో అట్లాంటిక్ సిటీ బోర్డ్‌వాక్ హాల్‌లో, 1929, 1932 మధ్య కట్టిన ఆర్గాన్లో ఉంది. అయితే అక్కడ ధ్వని పుట్టించేది రీడు కాదు, డయాఫోన్ అనే కంపించే కవాటం. కాబట్టి అసలైన రీడు స్టాపుగా సిడ్నీది ఒక్కటే. కంప్యూటర్ స్పీకర్లలో దాని రికార్డింగు విని పెదవి విరిచేవాళ్లను చూశాను. ఆ స్పీకర్లు అంత కిందికి పలకలేవు. పాపం, అది ఆర్గాన్ తప్పు కాదు.

ఈ స్టాపు భయం భవనం కట్టేవాళ్లకూ పట్టుకుంది. తల ఎత్తి సెంటెన్నియల్ హాల్ పైకప్పు చూశారో లేదో గాని, అది సున్నపు పని కాదు. ఆర్గాన్ అదురుకు సున్నపు పెళ్లలు ఊడి జనం నెత్తిన పడతాయని భయపడి, అచ్చు గుద్దిన జింకు రేకులతో కప్పు వేయించారు. వుండర్‌లిక్ అనే పేరుతో ఆస్ట్రేలియా ఇళ్లలో తర్వాత ఎక్కడపడితే అక్కడ కనిపించిన రేకు కప్పులకు ఈ హాలు పెద్ద ప్రకటనలా పనిచేసింది. ఈసారి వెళ్తే తప్పక చూడండి.

1890 ఆగస్టు 9న ప్రారంభ కచేరీ జరిగింది. వాయించినవాడు లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాల్ ఆర్గానిస్టు డబ్ల్యూ.టి. బెస్ట్. 1855 నుంచి అదే పదవిలో ఉన్నవాడు, అరవై దాటినవాడు. ఆర్కెస్ట్రా రచనలను ఆర్గాన్‌కు అనువుగా మలచడంలో ఆ కాలంలో ఆయనకు సాటి లేదని పేరు. ఓడ ఎక్కి భూగోళం అవతలి వైపు నుంచి వచ్చి వాయించి వెళ్లాడు. ఇంత పెద్ద ఆర్గాన్ అప్పటికి ప్రపంచంలో ఇంకొకటి లేదు. ఆ కిరీటం 1904లో జారిపోయింది. సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు 10,000కు పైగా గొట్టాలతో అమెరికన్లు ఒకటి కట్టారు. దాన్నే తర్వాత ఫిలడెల్ఫియాలోని వానమేకర్ దుకాణం కొని, సొంత వర్క్‌షాపు పెట్టుకుని పెంచుతూ పోయి 28,000 గొట్టాలు దాటించింది.

బెస్ట్ తర్వాత నగరం జీతమిచ్చి ఆర్గానిస్టును నియమించుకుంది. మొదటివాడు బెల్జియం దేశస్థుడు ఆగస్ట్ వీగాండ్, 1891 నుంచి 1900 వరకు. జనాన్ని రప్పించడం తెలిసిన మనిషి. ఆ రోజుల్లో ఆర్గాన్ మీద ఉరుములు, గాలివాన వినిపించే రచనలకు తెగ గిరాకీ ఉండేది. వాటిని చూసి ముక్కు విరిచే విమర్శకులూ ఉండేవారు. తర్వాత ఆర్థర్ మేసన్, ఆ తర్వాత 1909 నుంచి 1935 దాకా ఎర్నెస్ట్ ట్రూమన్. ట్రూమన్ పదవిలో ఉండగానే కాలం మారిపోయింది. సినిమాలు మాట్లాడసాగాయి, రేడియో ఇంట్లోకి వచ్చింది, ఆర్కెస్ట్రా సంగీతం వినడానికి ఆర్గాన్ ఒక్కటే దిక్కన్న పరిస్థితి పోయింది. ట్రూమన్‌తో నగర ఆర్గానిస్టు పదవి ఆగింది. మళ్లీ 1978లో రాబర్ట్ ఆంప్ట్ నియామకం దాకా ఆ కుర్చీకి పూర్వపు వైభవం లేదు.

ఇక్కడ నా అసలు అభిప్రాయం చెబుతాను. ఈ నాలుగు దశాబ్దాల అలక్ష్యమే ఈ వాద్యానికి పట్టిన అదృష్టం.

ఎందుకో అర్థం కావాలంటే లోపలి యంత్రాంగం కొంచెం తెలియాలి. మెట్టు నొక్కినప్పుడు ఆ కదలిక ఎక్కడో దూరంగా ఉన్న గొట్టం కిందికి చేరాలి. సిడ్నీలో దాన్ని మోసుకెళ్లేది గాలే. మెట్టు దగ్గర విడుదలైన చిన్న గాలి ఒత్తిడి సన్నని సీసపు గొట్టం గుండా పోయి, చివర ఉన్న తోలు తిత్తిని కదుపుతుంది. అది ఇంకో పెద్ద కవాటాన్ని తెరుస్తుంది. వేళ్ల కింద మెట్లు తేలిగ్గా ఉంటాయి. కానీ నొక్కిన క్షణానికి, పలికిన క్షణానికి మధ్య రవ్వంత వ్యవధి ఉంటుంది, వాయించేవాడు దానికి అలవాటు పడాలి. పైగా తోలు కొన్ని దశాబ్దాలకు ఎండి పెళుసెక్కి చిరుగుతుంది. చిరిగిన ప్రతి తిత్తికీ ఒక మూగ స్వరం.

20వ శతాబ్దంలో ప్రపంచమంతటా ఈ రోగానికి వేసిన మందు ఒక్కటే: పాత యంత్రాంగం పీకేసి విద్యుత్తు పెట్టడం. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఎలాగూ విప్పాం కదా అని స్టాపులు మార్చారు, గాలి ఒత్తిడి పెంచారు, కొత్త మోజుకు తగ్గట్టు గొట్టాల పెదవులు సవరించి గొంతులు మార్చేశారు. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో 1871లో విల్లిస్ కట్టిన ఆర్గాన్‌ను 1924, 1933 మధ్య హారిసన్ కంపెనీ పునర్నిర్మించింది. ఇప్పుడు వినేది గొప్ప వాద్యమే, కాని అది విల్లిస్ ఒక్కడి వాద్యం కాదు. మెల్‌బోర్న్ హిల్ ఆర్గాన్ 1925 అగ్నిప్రమాదంలో టౌన్ హాల్‌తో పాటే కాలిపోయింది. 1929లో దాని స్థానంలో వచ్చింది పూర్తిగా కొత్త తరం వాద్యం. సిడ్నీలో డబ్బున్నప్పుడు ఆసక్తి లేదు, ఆసక్తి ఉన్నవాళ్లకు డబ్బు లేదు. అందుకని హిల్ మనుషులు 1890లో ఎలా వదిలి వెళ్లారో దాదాపు అలాగే దుమ్ము పట్టి నిలబడి ఉంది.

1972లో పని మొదలుపెట్టే నాటికి అదృష్టవశాత్తు ఆలోచనలు మారాయి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే ఆరెంజ్ పట్టణానికి చెందిన రోజర్ పాగ్సన్‌కు పునరుద్ధరణ అప్పగించారు. ఆధునికం చేయకుండా, హిల్ పెట్టిన యంత్రాంగాన్నే బాగు చేయాలన్నది పద్ధతి. తోలు తిత్తులు కొత్తవి వేయడం, సీసపు గొట్టాలు శుభ్రం చేయడం, చెక్క పెట్టెల పగుళ్లు మూయడం లాంటి పేరురాని పనులతో పదేళ్లు గడిచి 1982లో పూర్తయింది. ఈలోగా 1973లో ఒపేరా హౌస్ తెరుచుకుంది, అప్పటిదాకా టౌన్ హాల్‌లో జరుగుతూ వచ్చిన ఆర్కెస్ట్రా కచేరీలు అక్కడికి మారాయి. ఒపేరా హౌస్‌కు రోనాల్డ్ షార్ప్ పదేళ్లు శ్రమించి 1979లో పూర్తిచేసిన ఆర్గాన్లో 10,000కు పైగా గొట్టాలున్నాయి. అంటే ఇప్పుడు టౌన్ హాల్ ఆర్గాన్ సిడ్నీలోనే పెద్దది కాదు. మీరు ఎవరితోనైనా పందెం కాసే ముందు ఇది గుర్తుంచుకోండి.

పెద్దదైతే మంచిదే అనుకునేవాళ్ల కోసం అట్లాంటిక్ సిటీ సంగతి ఇంకో రెండు ముక్కలు. 33,000కు పైగా గొట్టాలు, ఏడు కీబోర్డులు. 1944 తుఫానులో గాలియంత్రాల గదిలోకి నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు అది చాలావరకు మూగగానే ఉండిపోయింది, ఇప్పటికీ పునరుద్ధరణ సాగుతూనే ఉంది. సంరక్షించుకోలేనంత పరిమాణం ఏ వాద్యానికైనా శాపమే.

శ్రుతి ఎలా చేస్తారని మీరు అడగలేదు గాని, ఇన్ని వేల గొట్టాల గురించి చదివాక ఆ సందేహం రాకుండా ఉండదు. ఏ పెద్ద ఆర్గాన్‌కైనా ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కీబోర్డు దగ్గర కూర్చుని ఒక్కో మెట్టు నొక్కి పట్టుకుంటారు. రెండోవారు లోపల గొట్టాల మధ్య నిలబడి ఉంటారు. చిన్న లోహపు గొట్టమైతే ఇత్తడి శంకువు లాంటి పనిముట్టుతో పైఅంచును రవ్వంత విప్పార్చడమో, ముడవడమో చేస్తారు. రీడు గొట్టమైతే రీడును అదిమిపట్టే వంపు తీగ ఒకటి బయటికి కనిపిస్తుంది. దాన్ని సన్నని ఇనుప కడ్డీతో పైకో కిందికో తట్టాలి. సరిపోల్చే గొట్టంతో కలిసి పలికినప్పుడు రెండు స్వరాల మధ్య వినిపించే హెచ్చుతగ్గుల అలలు నెమ్మదించి, ఆగిపోగానే లోపలి నుంచి "తర్వాతది" అని కేక. మన ఒంటి వేడికి కూడా గొట్టం స్వరం మారుతుంది కాబట్టి చేతితో తాకకూడదు. రీడు లేని గొట్టాలు వేడికి శ్రుతి పెరుగుతాయి, ఒక్క సెల్సియస్ డిగ్రీకి అర్ధస్వరంలో సుమారు నూటికి మూడు వంతులు. రీడు గొట్టాలు అంతగా కదలవు. అంటే వేసవి సాయంత్రం హాలు నిండా జనం కూర్చుంటే ఆర్గాన్ తనలో తనే శ్రుతి తప్పుతుంది. అప్పుడు వేల గొట్టాలను ముట్టుకోరు, తక్కువగా ఉన్న రీడు వరుసలనే మిగతావాటికి సరిపెడతారు.

మీరు వినాలనుకుంటే పెద్ద కష్టమేమీ లేదు. సిడ్నీ నగరపాలక సంస్థ ఏటా ఆర్గాన్ కచేరీలు పెడుతూ ఉంటుంది, వారి కార్యక్రమాల పట్టికలో చూసుకోండి. మరీ ముందు వరుసల్లో కూర్చోకండి, అన్ని వరుసల ధ్వని కలిసి రావడానికి హాలులో సగం వెనక్కి ఉంటే మంచిది. 64 అడుగుల స్టాపు కోసమే చెవులు రిక్కించి కూర్చోకండి కూడా. దాన్ని వాడేది ముగింపు దగ్గర కొన్ని క్షణాలే. హిల్ కంపెనీ పనితనం నిజంగా తెలిసేది గ్రేట్ అనే ప్రధాన కీబోర్డు మీద, ఆర్గాన్‌కు మూలధ్వని ఇచ్చే డయాపేసన్ గొట్టాలు మాత్రమే పలికినప్పుడు: బరువుంటుంది కానీ మందంగా ఉండదు, ఏ స్వరం ఏదో విడివిడిగా వినబడుతుంది. బాఖ్ రచనలు ఉన్న రోజు చూసి వెళ్లండి.